పక్షులకంటె ముందు మార్గదర్శి

పరదేశమునకు పక్షిదర్శనార్థమై పోదలచినవాడు మొదట దేశపటమును విప్పును. ఆపై పక్షుల పట్టికను ముందిడుకొని, చూడవలసినవానికి గుర్తులు పెట్టుకొనును. విమానపు టిక్కెట్టు కొని, బసలన్నియు కుదుర్చుకొని, సెలవు చేతికి వచ్చిన పిమ్మటగాని, ఆ యడవిలో తన ముందు నడువవలసిన మనుష్యునిగూర్చి తలపోయడు. ఈ క్రమము తలక్రిందులైనదని నా నిశ్చితాభిప్రాయము. మనుష్యుని ముందు ఎన్నుకొన్నచో స్థలములును, దినములును, తుదకు పక్షులును అతని వెనుక వచ్చును. స్థలములను ముందు నిశ్చయించుకొన్నచో, ఎంతటి విజ్ఞుడు దొరకినను అతడు కారు నడుపువాడై మిగులును.

సింహళమునే తీసికొందము. చెన్నపట్టణమున విమానమెక్కినవానికి అది గంటన్నర ప్రయాణము. వైశాల్యమున తెలంగాణములో సగమునకు కొంచెము పైబడిన ద్వీపము. ఐనను లోకమున మరెచ్చటను గానరాని పక్షిజాతులు అచ్చట ముప్పదికి పైగా కలవు. వానిలో పెక్కింటికి నివాసము నైరృతిభాగమందలి తడియడవులు; 1988లో ప్రపంచ వారసత్వస్థలముగా గుర్తింపబడిన సింహరాజారణ్యము ఆ యడవులలో ప్రధానమైనది. అచ్చటికి క్రొత్తగా పోయినవాడు గంటసేపు నడచినను ఒక్క రెక్కచప్పుడైనను వినక, పుస్తకములు అబద్ధమాడినవని తలంచుట కద్దు. అంతలో ఎచ్చటినుండియో పదికి పైబడిన జాతులకు చెందిన నలుబది పక్షులు ఒక్క గుంపుగా తలపైకి వచ్చి, అతడు దుర్భిణిని కన్నులకెత్తుకొనులోపల సగము దాటిపోవును. ఆ గుంపు నడుమ నారింజవన్నె ముక్కుగల బాబ్లర్లు ఎడతెగక కిచకిచలాడుచు సాగును. వాని వెంట తలపై జుట్టుగల ఏట్రింత యొకటి కావలికాయుచు, డేగనీడ కనబడినంతనే కేకవేయును. అంతేకాక, ఇతర పక్షుల గొంతులననుకరించి వానిని గుంపులోనికి రప్పించునని శరత్ కోటగమ, ఎబెన్ గూడేల్ అను శాస్త్రజ్ఞులు ఈ యరణ్యముననే పరిశీలించి చెప్పిరి. స్థానికుడైన మార్గదర్శి చేయు పనియేమనగా, ఆ కిచకిచలను లోయకావలినుండి విని, గుంపు ఏ వాలున దిగుచున్నదో నిర్ణయించి, అది రాకమునుపే మనలను ఏ మలుపునొద్ద నిలువబెట్టవలెనో అచ్చట నిలువబెట్టుట. పక్షిపేరు చెప్పుటకు పుస్తకము చాలును. నిలువవలసిన చోటు ఏ పుస్తకమును చెప్పదు.

ఈ మాట అతిశయోక్తి యనువారికి ఒక చిన్న గుడ్లగూబ వృత్తాంతము వినిపింతును. పక్షిధ్వనులను గుర్తించుటలో అందెవేసిన చేయియైన దీపాల్ వరకగోడ, 1995లో కితుల్‌గల అడవిలో తానెరిగిన ఏ పక్షిదియు కాని యొక గొంతును వినెను. విన్నది మొదలు ఆ గొంతును వెదకుచు, 2001 జనవరిలో సింహరాజమున ఆ పక్షిని కన్నులారా చూచెను. 2004లో అది నూతనజాతిగా శాస్త్రగ్రంథముల కెక్కినది. అంతకుపూర్వము ఆ ద్వీపమున క్రొత్త పక్షి బయల్పడినది 1868లో. సింహళులు పండువన్ బస్సా అనుచున్న ఈ గూబ పగటివేళ పొదలలో నేలకు చేరువగా, ఎండుటాకువలె కదలక కూర్చుండును. మనము కాఫీ త్రాగుచుండగా అడవియంచు గ్రామమువాడొకడు తెల్లవారుజామున లేచి పొదలు గాలించి, దాని నేటి నెలవు కనిపెట్టియుండుటచేతనే మనకది దర్శనమిచ్చును. వాని కూలిని ఖర్చుపట్టికలో వేరుగా వ్రాసికొనక, చివరిదినమున జేబు తడుముకొని చిల్లర చేతబెట్టు యాత్రికులను చూచినచో నాకు రోత కలుగును. 1900 తరువాత ఎవరికిని కనబడక, అంతరించినదని గ్రంథములు తీర్మానించిన మన కలివికోడి, 1986లో కడపజిల్లా లంకమల ప్రాంతమున మరల బయల్పడుటకు తోడ్పడినదియు అచ్చటి వేటకాండ్రే గదా!

ఇక మార్గదర్శికి వ్రాయవలసిన యుత్తరము. (ఉత్తరమనుట అలవాటుకొలది, నేను పంపినది ఈమెయిలే.) మోకాళ్ళ సంగతి, శాకాహారపు పట్టింపు, వేకువనే లేవగలుగుదునా లేదా అనునవి వ్రాయుట తేలిక; అసలు వ్రాయవలసినది, మన కన్నులు ఇదివరకు ఏమి చూచియున్నవన్నది. సింహళపు పక్షియాత్రలు చాలవరకు ఐరోపావారిని ఉద్దేశించి కూర్చబడినవి. వారికి తీతువును, లకుముకిని, ఎర్రకాళ్ళ కొంగను చూచుటయే పండుగ. అందుచేత దక్షిణతీరమున బుందల, యాల ప్రాంతములకు వారు రెండు మూడు దినములు ధారాళముగా కేటాయింతురు. కొల్లేటిని, నేలపట్టును, ప్రళయకావేరిని తిరిగిన తెలుగువాడు, తెడ్డుమూతి కొంగకొరకు సముద్రము దాటి డబ్బు పోయవలసిన యగత్యము లేదు. నేనీ సంగతి వ్రాయగనే నేనెన్నుకొన్న మార్గదర్శి ఆ దినములను కొట్టివేసి, కితుల్‌గలను చేర్చి, సింహరాజమున మరియొక రాత్రిని పెంచి పంపెను. రొక్కము మాత్రము ఒక్క రూపాయి పెరుగలేదు.

నా రెండవ ప్రశ్న వేరు: ధ్వనిముద్రితమైన కూతలను వినిపించి పక్షులను పిలుచుట మీకు సమ్మతమేనా? గూడుకట్టు కాలమున తన యెల్లలోనికి పరాయి మగపక్షి చొచ్చినదని భ్రమపడి, మేత మాని కూతకూతకును పరుగెత్తు పక్షిని చూచి యానందించుట నా మనసునకు పట్టదు. అవసరమైన చోట ఒక్కమారు, గూళ్ళకు చేరువలో ఎన్నడును కాదు అని ఆయన జవాబు. మరియొక మార్గదర్శి, ఎర్రమొగము మల్కోహాను తప్పక చూపింతునని వ్రాతపూర్వకముగా హామీ యిచ్చిరి. ఆ వ్యవహారము నేనచ్చటనే నిలిపివేసితిని. చెట్లకొనలలో మౌనముగా తిరుగు పక్షిని ఎవరు హామీ యీయగలరు?

కాలనిర్ణయమున నాకు చింత లేకపోయెను. మే మొదలు సెప్టెంబరువరకు నైరృతి ఋతుపవనములు ఆ యడవులను తడిపి ముంచెత్తును. జనవరి మొదలు మార్చివరకు వాన తెరిపియిచ్చుటయే గాక, వలస వచ్చిన పొన్నంగి పిట్ట, కాశ్మీరపు ఫ్లైకాచరు మున్నగునవి ఇంకను అచ్చటనే యుండును. ఈ రెండవదానిని నువర ఎలియ పట్టణమున, విక్టోరియా ఉద్యానములోని మురికికాలువ గట్టున నిలిచి చూచుట యాత్రికులకు పరిపాటి.

ఫిబ్రవరి యని నేను వ్రాయగా ఆయన పంచాంగము చూచి, హార్టన్ మైదానములకు పోవు దినమును రెండు దినములు ముందుకు జరిపెను. పౌర్ణమి అచ్చట పోయా యను సెలవుదినము. కుటుంబములతో జనము కొండలకు తరలును. వేకువ మసకలో త్రోవప్రక్క మడుగునొద్దకు దిగు పిరికి ఈలపాటపక్షి, అంతటి సందడిలో కనబడునను ఆశ లేదు. జలగలు పట్టకుండ మోకాలివరకు తొడుగు గుడ్డమేజోళ్ళు తనయొద్ద నున్నవనియు, కొనవలదనియు, పాదము కొలత పంపిన చాలుననియు అడుగున వ్రాసెను.