భోగి దండలో వేలిముద్ర

పచ్చి పేడ ముద్దను నాలుగేళ్ల పిల్ల చేతిలో పెట్టి చూడండి. ముందు ముక్కు చిట్లిస్తుంది, చెయ్యి దూరంగా పట్టుకుంటుంది. పక్కనే కూర్చున్న అమ్మమ్మ ఇంకో ముద్ద తీసి గుండ్రంగా చేసి, గారె తట్టినట్టు తట్టి, నడుమ చూపుడువేలు గుచ్చి "ఇదిగోనే భోగిపిడక" అంటుంది. అంతే, పిల్లకి ఆట దొరికింది. కాసేపటికి చూస్తే చాపమీద పది పిడకలుంటాయి. ఒకటి కోలగా, ఒకటి వంకరగా, ఒకదానికి రెండు చిల్లులు. రెండెందుకే అంటే "కళ్లు" అంటుంది.

గోదావరి జిల్లాల్లో పిల్లల పండుగ ఏదని అడిగితే నేను భోగి పేరే చెబుతాను. నవంబరు 14న బాలల దినోత్సవం ఉంది. అది పెద్దవాళ్లు పిల్లల కోసం జరిపేది. భోగి అలా కాదు. నెలగంట పట్టిన రోజు నుంచి పిల్లలు తమ చేతులతో తయారుచేసుకునే పండుగ. ఇప్పుడు సంక్రాంతి సెలవులకు ముందు బడుల్లో పట్టుపరికిణీలు, పంచెలు కట్టించి పిల్లల్ని వరసగా నిలబెట్టి ఫొటోలు తీస్తున్నారు. పిడకల భోగి దండ బజారులో కొని తెస్తున్నారు. చూస్తే ముచ్చటగానే ఉంటుంది గానీ నాకు మనసు చివుక్కుమంటుంది. దండ కొనేశాక ఆ పిల్లకి పండుగలో మిగిలిన పనేమిటి?

పండుగలో పిల్లల చేతికి పని ఉండాలన్న సంగతి జపాను చిన్నపిల్లల బడుల్లో బాగా పట్టుకున్నారు. మే 5 అక్కడ బాలల దినం. ఎప్పటినుంచో మగపిల్లల పండుగగా ఉన్న ఆ రోజును 1948లో పిల్లలందరి సెలవుగా చట్టం చేశారు. ఆ పండుగ రోజుల్లో వెదురు గడలకు గుడ్డతో చేసిన చేపల్ని కడతారు. గాలి నోట్లోంచి దూరితే అవి ఈదుతున్నట్టే ఊగుతాయి. కొయ్‌నొబొరి అంటారు వాటిని. ప్రవాహానికి ఎదురీది జలపాతం ఎక్కిన చేప డ్రాగన్ అవుతుందని అక్కడి కథ. బడిలో పిల్లలంతా అరచేతులు రంగులో ముంచి ఒకే గుడ్డమీద అద్దుతారు. ఆ ముద్రలే చేప పొలుసులు. ఎవరి పొలుసు ఎక్కడుందో ఎవరికి వాళ్లకు తెలుసు.

ఎదురీదే చేప గురించి గోదావరివాళ్లకు ఇంకొకరు చెప్పాలా? సముద్రంలో ఉన్నంతసేపు ఇలస, వరద రోజుల్లో ఎర్రనీటికి ఎదురీదితే పులస. మన బడుల్లో పిల్లలు అరచేతులద్ది పాత చీరతో ఒక పులసను చేసి, వెదురు గడకు కట్టి డాబామీద ఎగరేస్తే ఎంత బాగుంటుంది! అది జపానువాళ్ల నుంచి తెచ్చుకున్నట్టూ ఉంటుంది, మన ఏటిదిగానూ ఉంటుంది.

పిడకల సంగతికొస్తాను. పేడ పొద్దున్నే తేవాలి. గడ్డిపరకలు ఏరేసి పిసకాలి. మరీ పలచగా ఉంటే కాస్త ఊక కలుపుకోవాలి. చిల్లు సన్నగా పెడితే తడిమీద జారి పూడుకుపోతుంది కాబట్టి పెద్దవాళ్ల వేలు దూరేంత ఉండాలి. ధనుర్మాసం మంచు వాటికి పెద్ద శత్రువు. పగలు ఎండలో పెట్టినవి సాయంత్రం వసారాలోకి చేర్చకపోతే తెల్లారేసరికి మళ్లీ మెత్తబడతాయి. రోజు విడిచి రోజు తిరగెయ్యాలి. ఆ పని పిల్లలకే అప్పగించాలి. ఎండిందో లేదో చేత్తో తూచి చూసుకుంటారు. నిన్నటికంటే తేలికైందని వాళ్లే కనిపెడతారు. వారం పది రోజులకు గలగలమంటాయి.

గుచ్చడానికి పురికొస చివర కొబ్బరీనె ముక్క కడితే సూదిలా పనికొస్తుంది. నడుమ అన్నిటికంటే పెద్దది, అటూ ఇటూ వరసగా చిన్నవి. చిన్నా పెద్దా, ముందూ వెనకా, ఒకటి నుంచి ఇరవై దాకా లెక్క, అన్నీ అక్కడే వచ్చేస్తాయి. పలకమీద వారంరోజులు దిద్దించినా అంతలా ఎక్కదు. ఒకడు తాడు బిగించి పట్టుకుంటే ఇంకొకడు గుచ్చాలి, ఒక్కడివల్ల అయ్యే పని కాదు.

పేడంటే జంకేవాళ్లకు ఒక మాట. పని కాగానే సబ్బుతో చేతులు కడిగించాలి. చేతిమీద గాయమున్న పిల్లలకు పేడా మట్టీ ఇవ్వకూడదు. పేడ ముట్టని మిగతా పిల్లలకు కాలవగట్టు బంకమట్టి ఇస్తే బొమ్మలు చేస్తారు. రాజమండ్రి అపార్టుమెంట్లలో పేడ ఎక్కడ దొరుకుతుందంటారు. పాలు పోసేవాళ్లని అడగండి, తరగతి మొత్తానికి ఒక బకెట్టు చాలు.

ఆ మట్టిబొమ్మలు ఊరికే పోవు. సంక్రాంతికి మన ఇళ్లలో బొమ్మలకొలువు పెడతారు. మూడో అయిదో మెట్లు కట్టి తెల్లగుడ్డ పరిచి కొండపల్లి బొమ్మలు పేర్చుతారు. జపానులోనూ మార్చి 3న ఆడపిల్లల కోసం ఎర్రగుడ్డ పరిచిన మెట్లమీద, పైన రాజూ రాణీ ఉండేలా, బొమ్మల కొలువు తీరుస్తారు. అంత దూరాన ఉన్న ఇద్దరమూ పిల్లలకు మెట్లే కట్టాం. బడి కొలువులో మాత్రం కొన్న బొమ్మలు పైమెట్టుకే చాలు. కింది మెట్లన్నీ పిల్లలు చేసిన మట్టి ఎద్దులూ, కొబ్బరాకు బూరలూ, గిరకలూ, తాటిబుర్రల బళ్లూ ఉండాలి.

భోగి సాయంత్రం భోగిపళ్లు. అయిదేళ్లలోపు పిల్లల్ని కొత్తబట్టలు కట్టి పీటమీద తూర్పుముఖంగా కూర్చోబెట్టి, రేగిపళ్లు, చెరుకుముక్కలు, బంతిరేకలు, అక్షింతలు, నానబెట్టిన శనగలు, చిల్లర నాణేలు కలిపి, గుప్పిట పట్టి తలచుట్టూ మూడుసార్లు తిప్పి పోస్తారు. ముందు తల్లి, తర్వాత పేరంటాళ్లు. తర్వాత హారతి. దిష్టి పోవాలని, ఆయుష్షు పెరగాలని వాళ్ల కోరిక. కింద దొర్లిన నాణేల కోసం వీధి పిల్లలంతా ఎగబడటమే అసలు సందడి. బడిలో చేస్తే ఒక్కరికే కాకుండా అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి, ఎదుటివాడి తలమీద పువ్వులు పొయ్యనిస్తే బాగుంటుంది. మూడేళ్లలోపు పసివాళ్లున్న చోట నాణేలూ, శనగలూ, గింజ తియ్యని రేగిపళ్లూ వద్దు, గొంతుకు అడ్డం పడతాయి. వాళ్లకి బంతిరేకలు చాలు. నెత్తిమీద పడ్డప్పుడు కళ్లు గట్టిగా మూసుకుని నవ్వే నవ్వు రేకలకైనా అదే వస్తుంది.

ఇవన్నీ చేయడానికి మన అంగన్‌వాడీలకన్నా మంచి చోటు నాకు కనిపించదు. 1975 అక్టోబరు 2న మొదలైన పథకం అది. అంగన్ అంటే వాకిలి, పేరులోనే ఉంది. ఆయమ్మకు పిడకలు వచ్చు, పక్కింటి మామ్మకు గొబ్బెమ్మలు వచ్చు, ఊళ్లో తిరిగే హరిదాసును ఒకరోజు లోపలికి పిలిస్తే చాలు. పిల్లలు వరసగా వచ్చి తలా గుప్పెడు బియ్యం ఆయన తలమీది అక్షయపాత్రలో వేస్తారు. ఆయన వంగి కూర్చుంటేనే అందుతుంది కదా, అలా కూర్చున్నప్పుడు వాళ్ల మొహాలు చూడాలి.

దండ మాత్రం బడిలో ఉంచకూడదు, ఇంటికి పంపాలి. భోగినాడు తెల్లవారుజామున నాలుగింటికి చలికి వణుకుతూ, కళ్లు నులుముకుంటూ పిల్ల దండ మెళ్లో వేసుకుని వస్తుంది. మంట చుట్టూ తిరిగి, నాన్న చెయ్యి పట్టుకుని దండ అందులో వేస్తుంది. పక్కనే బిందెలో తలంటి నీళ్లు కాగుతుంటాయి. రెండు చిల్లుల పిడక ఎర్రబడేదాకా ఆ పిల్ల అక్కణ్ణించి కదలదు.