పడుగు ఒకటే, పేక వేరు

సిరిసిల్ల బీవై నగర్‌లో సాంచెలు (మరమగ్గాలు) నడిచే గల్లీలోకి పాత బుల్లెట్ ఒకటి వచ్చి ఆగితే, ఆ రెండు చప్పుళ్లకూ ఏదో చుట్టరికం ఉన్నట్టు తోస్తుంది. సాంచె గుక్క తిప్పుకోదు. బుల్లెట్ దెబ్బకూ దెబ్బకూ నడుమ ఊపిరి పీలుస్తుంది. ఆ ఎడం కోసమే మనవాళ్లు లక్షలు పోస్తున్నారని నా అనుమానం.

ఇంగ్లండులోని రెడిచ్‌లో 1932లో బుల్లెట్ అన్న పేరు పుట్టింది. 1955లో మద్రాసు చేరింది. పుట్టింట్లో కంపెనీ ఎప్పుడో మూతపడింది, మెట్టినింట్లో రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంకా పచ్చగా ఉంది.

పాత బండిని స్టార్ట్ చేయడమే ఒక విద్య. ముందు డీకంప్రెషర్ లివర్ నొక్కాలి. హెడ్‌లైటు డూము మీది చిన్న ఆంపియర్ మీటరును చూస్తూ కిక్కును మెల్లగా తొక్కాలి. ముల్లు మధ్యకు రాగానే లివర్ వదిలేసి, అప్పుడు నిండు కిక్కు కొట్టాలి. తొందరపడినవాడి పిక్కకు కిక్కే బుద్ధి చెప్పేది. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. సిగ్నల్ దగ్గర న్యూట్రల్ కోసం వెతుక్కోనక్కర్లేకుండా మడమతో నొక్కే పుల్ల ఒకటి వేరే ఉండేది. దాన్ని పెట్టినవాడికి దండం పెట్టాలి.

ఇప్పటి 350ల సంగతి వేరు. 2020లో మీటియర్, 2021లో కొత్త క్లాసిక్, 2022లో హంటర్, 2023లో కొత్త బుల్లెట్ వచ్చాయి. నాలుగింటి గుండె ఒక్కటే: 349 సీసీ, 20.2 హార్స్‌పవర్, 4,000 ఆర్‌పీఎం దగ్గరే అందే 27 న్యూటన్ మీటర్ల టార్కు. సిలిండరు వెడల్పు 72 మిల్లీమీటర్లయితే పిస్టన్ ఎక్కి దిగే దూరం 85.8. పాత ఇంజన్లో అవి 70, 90. అడుగు కాస్త పొట్టిదైంది. లోపల బ్యాలెన్సర్ షాఫ్టు చేరడంతో చేతులకెక్కే తిమ్మిరి చాలావరకు పోయింది. పాతకాలం వాళ్లకు అదే వెలితి.

మరి ఒకే ఇంజన్ పెట్టి నాలుగు బండ్లెందుకు? సిరిసిల్లలో ఈ ప్రశ్న ఎవరూ అడగరు. పడుగు అదే ఉంచి పేక మారిస్తే బట్ట మారుతుందని అక్కడ పిల్లలకు కూడా తెలుసు. ఇక్కడ చక్రాలు, సీటు, హ్యాండిలు, కాలు పెట్టే చోటు పేక.

సిరిసిల్ల నుంచి వేములవాడ, చందుర్తి, రుద్రంగి, కథలాపూర్ మీదుగా కోరుట్లకు వెళ్లే దారికి క్లాసిక్ సరిజోడు. ముందు 19, వెనక 18 అంగుళాల చక్రాలు, 195 కిలోల బరువు. నడుము నిటారుగా పెట్టి, చేలు చూసుకుంటూ పోవచ్చు. జగిత్యాల టవర్ సర్కిల్‌లో సాయంత్రం రద్దీలో మాత్రం హంటరే మేలు. రెండు చక్రాలూ 17 అంగుళాలవి, బరువు 14 కిలోలు తక్కువ. ఆటోకూ తోపుడుబండికీ నడుమ దూరిపోతుంది. మీటియర్ సీటు 765 మిల్లీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది, కాళ్లు ముందుకు చాస్తాం. కోరుట్ల దాటి మెట్‌పల్లి వైపు 63వ జాతీయ రహదారి మీద పడకకుర్చీలో కూర్చున్నట్టే. ఇదే కంపెనీ హిమాలయన్ 450, ఇంటర్‌సెప్టర్ 650ల పడుగే వేరు. మొదటిది నీటితో చల్లబడే 452 సీసీ, గుంతల దారికి 21 అంగుళాల ముందుచక్రం. రెండోదానికి రెండు సిలిండర్లు, 648 సీసీ. వాటి ముచ్చట ఇంకోసారి.

నా కన్ను మాత్రం బుల్లెట్ ట్యాంకు మీదే ఆగుతుంది. దాని మీది సన్నగీతను ఇవాళ్టికీ కుంచెతో, చేత్తోనే గీస్తారు. వంపు దగ్గర కుంచె ఎక్కడా తడబడదు. అయినా దగ్గరికి వంగి చూస్తే మలుపులో గీత ఒక వెంట్రుకవాసి లావెక్కినట్టుంటుంది. రెండు ట్యాంకులు పక్కపక్కన పెడితే గీతలు అచ్చు గుద్దినట్టు ఉండవు. చేనేత చీర అంచును వేలితో తడిమి చూసేవాళ్లు ఆ తేడాను తప్పు అనరు. అదే ట్యాంకును స్టిక్కరుతో ముగించి ఉంటే నేనీ వ్యాసం రాసేవాణ్ని కాను. హెడ్‌లైటుకు అటూ ఇటూ కనుబొమల కింద కళ్లలా వెలిగే ఆ రెండు చిన్న దీపాలు కూడా 1950ల నాటి రూపమే.

కొండగట్టు అంజన్న దగ్గర కొత్త బండ్ల పూజ జరిగేచోట కాసేపు నిలబడండి. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన కొడుకు కొన్న క్లాసిక్‌కు పూలదండ, చక్రం కింద నిమ్మకాయ. తండ్రిని ఎక్కమంటారు. ఆయన సీటు మీద సర్దుకుని కుడికాలు ఎత్తి, లేని కిక్కు కోసం గాలిలో వెతుకుతాడు. బటన్ నొక్కు నాయినా అని కొడుకు చెప్పేదాకా ఆ కాలు కిందికి దిగదు.