పద్యం ఆగిన చోట ఈల: రంగస్థలం నుండి వెండితెరకు కల్యాణం రఘురామయ్య

తెలుగు నాటక, చలనచిత్ర చరిత్ర రచనల్లో కల్యాణం రఘురామయ్య (1901-1975) పేరు దాదాపు ఎప్పుడూ 'ఈలపాట' అనే విశేషణంతోనే కనిపిస్తుంది. వేలిని నోట ఉంచి రాగాన్ని ఈలగా పలికించిన ఆయన నేర్పు అసాధారణమైనదే. కాని ఆ విశేషణం ఒక మహానటుని కళను వింతగా కుదించివేసింది. ఈల ఆయన గానానికి అదనపు అలంకారం కాదు, పద్యనాటక గానపద్ధతికి కొనసాగింపు. సినిమాలో ఆయన స్థానం పరిమితం కావడానికి కారణం కూడా ఆ పద్ధతిలోనే ఉందని ఈ వ్యాసం ప్రతిపాదన.

పద్యనాటకంలో చివరి పాదం ముగిశాక నటుడు రాగం ఎత్తుకుంటాడు. అర్థం అప్పటికే పూర్తయింది, కథ ఆగింది. మిగిలింది నటుని ఊపిరి, హార్మోనియం శ్రుతి. భవానీపురంలో ఉత్సవాల రాత్రుల్లో తిరుపతి వేంకట కవుల 'పాండవోద్యోగ విజయాల' పద్యాలు ఇప్పటికీ మైకులో వినిపిస్తాయి. శ్రోతలు పద్యం ముగిసినప్పుడు కాక ఆలాపన తెగిన చోట చప్పట్లు కొట్టడం ఈ వ్యాసకర్త గమనించిన విషయం. మాట లేని రాగం గొంతులో సాగగలిగితే ఈలలోనూ సాగగలదు. రఘురామయ్య చేసినది ఈ తర్కాన్ని దాని చివరి అంచు దాకా తీసుకుపోవడమే. అతి సంగీతం నటనను మింగివేస్తుందన్న బళ్ళారి రాఘవ వంటివారి అభ్యంతరం తేలికగా తోసివేయదగినది కాదు. అయితే అది గద్యనాటక ప్రమాణం. దానితో రఘురామయ్య కృష్ణుణ్ణి, 'చింతామణి'లోని భవానీశంకరుణ్ణి కొలవడం న్యాయం కాదు.

గుంటూరు జిల్లా సుద్దపల్లిలో పుట్టిన ఈ నటుడు 1933లో 'పృథ్వీపుత్ర'తో తెరకెక్కారు. దర్శకుడు పోతిన శ్రీనివాసరావు, బెజవాడలో 1921లో మారుతీ సినిమా హాలు నెలకొల్పిన వ్యక్తి. నేపథ్యగానం లేని ఆ కాలంలో పాడలేనివాడు నాయకుడు కావడం కష్టం. కనుక నిర్మాతలు నాటక సమాజాల వైపే చూశారు. 1947 నాటి 'గొల్లభామ'లో సి. కృష్ణవేణి సరసన నాయకుడయ్యేనాటికి రఘురామయ్య వయస్సు 46. రంగస్థలంపై ఆ వయస్సు అడ్డు కాదు. చివరి వరుసలోని ప్రేక్షకునికి ముఖం సరిగా కనబడదు, గొంతే పాత్ర. సమీప చిత్రణం ఆ ఒడంబడికను రద్దు చేసింది.

1957 నాటి 'మాయాబజార్'లో కృష్ణుని దేహం నిమ్మకూరు రామారావుది, గొంతు చౌటపల్లి ఘంటసాలది. ఇద్దరూ కృష్ణా జిల్లావారే. మూడేళ్ళ తర్వాత, 1960లో, 'శ్రీకృష్ణ రాయబారం'లో రఘురామయ్య తానే కృష్ణుడై తన పద్యాలు తానే పాడారు. అప్పటికి ఆయనకు 59 ఏళ్ళు. రూపపరంగా మొదటి కృష్ణుడే తెలుగువారి మనస్సులో స్థిరపడ్డాడు. అందులో ప్రేక్షకుల తప్పేమీ లేదు. కాని రెండవ కృష్ణునిలో ఊపిరి తీసుకునే ఛాతీ, స్వరం పలికే గొంతు ఒకే మనిషివి. ఈ ఏకత్వాన్ని సినిమా విమర్శ 'నాటకీయత' అని కొట్టివేసింది. అది లోపమో, మరొక కళారూపపు లక్షణమో విచారించే ఓపిక చూపలేదు.

మరాఠీ సంగీత నాటక రంగంలో బాలగంధర్వుని అనుభవం ఇక్కడ గుర్తుకు వస్తుంది. స్త్రీపాత్రలతో దేశఖ్యాతి పొందిన ఆయన 1935లో శాంతారాం 'ధర్మాత్మ'లో ఏకనాథునిగా నటించి, తిరిగి రంగస్థలానికే మరలిపోయారు. రఘురామయ్య మాత్రం రెండింటినీ వదలలేదు. తెరపై అవకాశాలు చిన్నవైనా స్వీకరిస్తూ, వేదికపై కృష్ణునిగా కొనసాగారు. 1973లో సంగీత నాటక అకాడమీ పురస్కారం ఆయనను వరించింది. నాలుగు దశాబ్దాల సినిమా జీవితం తర్వాత వచ్చిన ఆ గౌరవం రంగస్థల నటునికి దక్కినది.