అడ్మిన్‌కూ ఒక హద్దు

ఒరాకిల్ క్లౌడ్‌లో కొత్తగా అకౌంటు తెరిచిన సంస్థకు మొదట దొరికేది ఒకే ఒక్క ఐడెంటిటీ డొమైన్. దాని పేరు డిఫాల్ట్. అకౌంటు తెరిచిన మనిషే అందులో మొదటి యూజరు, మొదటి అడ్మిన్. ఆ తర్వాత ఉద్యోగులు, కాంట్రాక్టు మీద వచ్చినవాళ్లు, టెస్టింగు కోసం పుట్టించిన ఉత్తుత్తి యూజర్లు, వెబ్‌సైటులో లాగిన్ అయ్యే కస్టమర్లు, అందరూ అందులోకే వచ్చి చేరతారు. రెండేళ్లు గడిచేసరికి ఎవరి పాస్‌వర్డును ఎవరు మార్చగలరో గట్టిగా చెప్పగలిగే మనిషి ఆ సంస్థలో మిగలడు. హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో నైట్ షిఫ్టులో ఇలాంటి వ్యవస్థలను కాచుకునే తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లకు ఈ పరిస్థితి కొత్తేమీ కాదు.

దీనికి విరుగుడు డొమైన్లను విడదీయడం. ప్రతి డొమైనుకూ తన యూజర్లు, తన గ్రూపులు, తన పాస్‌వర్డ్ నియమాలు, తన అడ్మిన్లు ఉంటారు. ఒక డొమైన్ అడ్మిన్‌కు పక్క డొమైన్‌లో పూచికపుల్ల కదిపే అధికారం కూడా ఉండకూడదు. వినడానికి ఇది ఒక బటన్ నొక్కితే అయిపోయే పనిలా ఉంటుంది. నిజమే, బటన్ నొక్కితే డొమైన్ తయారవుతుంది. కానీ అది విడిగా ఉందో లేదో ఆ బటన్ తేల్చదు. పైనుంచి ఎవరి చెయ్యి అందులోకి వస్తుందో, లోపలివాళ్ల చెయ్యి బయటికి ఎంతదూరం పోతుందో, పక్కన ఎవరైనా దొడ్డిదారి తెరిచి పెట్టారేమో ఓపిగ్గా వెతికితేనే తేలుతుంది. ఈ విద్యలో నేర్చుకోవలసిందంతా ఆ వెతుకులాటే అని నా నమ్మకం.

ఈ ఆలోచన క్లౌడ్ కంటే చాలా పాతది. జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ 1975లో కంప్యూటర్లలో సమాచార రక్షణ గురించి రాసిన వ్యాసం ఈ రంగంలో ఈనాటికీ పాఠ్యగ్రంథంలా నిలిచింది. ఎవరికైనా వాళ్ల పనికి సరిపడా అధికారమే ఇవ్వాలని, ముఖ్యమైన తాళం తెరుచుకోవడానికి రెండు తాళంచెవులు ఉండాలని అందులో సూత్రీకరించారు. రెండో దానికి వాళ్లు చెప్పిన ఉదాహరణ బ్యాంకు లాకరు. మన దగ్గరా అంతే కదా. మీ తాళంచెవి ఒకటి, బ్యాంకువాళ్లది ఒకటి, రెండూ పడితే గానీ లాకరు తెరుచుకోదు.

1983లో ఎంఐటీలో మొదలైన ప్రాజెక్ట్ అథీనా నుంచి కెర్బెరోస్ అనే గుర్తింపు వ్యవస్థ వచ్చింది. ఒక యాజమాన్యం కింద ఉన్న యూజర్లను, సర్వర్లను కలిపి అందులో 'రెల్మ్' అన్నారు. ఒక రెల్మ్ మరొక రెల్మ్‌ను నమ్మాలంటే రెండింటి అడ్మిన్లు కావాలని ఒక రహస్య తాళాన్ని పంచుకోవాలి. ఎవరూ పూనుకోకుండా నమ్మకం ఏర్పడదు. నాకు ఈ పద్ధతిలో బాగా నచ్చేది అదే.

తర్వాత వచ్చిన వ్యవస్థలు ఈ క్రమశిక్షణను అన్నిచోట్లా నిలబెట్టుకోలేదు. విండోస్ 2000తో వచ్చిన యాక్టివ్ డైరెక్టరీలో డొమైన్ ఉంది, డొమైన్లన్నింటినీ కలిపే ఫారెస్ట్ ఉంది. డొమైనే భద్రతకు హద్దని నమ్మి చాలా సంస్థలు శాఖకొక డొమైన్ కట్టుకున్నాయి. ఫారెస్ట్‌లోని డొమైన్లన్నీ ఒకే కాన్ఫిగరేషన్‌ను పంచుకుంటాయి కాబట్టి, ఏ మూల డొమైన్‌లో అడ్మిన్ అయినా గట్టిగా తలచుకుంటే మొత్తం ఫారెస్ట్‌ను చేజిక్కించుకోగలడు. అసలు హద్దు ఫారెస్టేనని మైక్రోసాఫ్ట్ తర్వాత స్పష్టంగా చెప్పింది. అప్పటికే డొమైన్లను నమ్ముకుని ఏళ్లు గడిచిపోయాయి.

సొంత క్లౌడ్ కట్టుకోవడానికి వాడే ఓపెన్‌స్టాక్ అనే సాఫ్ట్‌వేర్ కథ ఇంకా సూటిగా ఉంటుంది. అందులో గుర్తింపు వ్యవహారాలు చూసే కీస్టోన్‌కు 2013లో డొమైన్లు వచ్చాయి. అయితే 2012 నుంచే 968696 అనే నంబరుతో ఒక బగ్ నమోదై ఉంది. ఒక్క ప్రాజెక్టులో అడ్మిన్ పాత్ర ఇచ్చినా, చాలా సర్వీసులు ఆ మనిషిని మొత్తం క్లౌడ్‌కే అడ్మిన్‌గా చూసేవి. ఎక్కడి అడ్మిన్ అని అడిగేవాడే లేడు. ఆ ఒక్క ప్రశ్నను ప్రతి సర్వీసు చేతా అడిగించడానికి ఏళ్ల తరబడి పని జరిగింది. ఆ నంబరు ఓపెన్‌స్టాక్ వాళ్ల నోళ్లలో సామెతలా నానింది.

ఇప్పుడు మళ్లీ ఒరాకిల్ క్లౌడ్‌కు వద్దాం. కొత్త డొమైన్ సృష్టించే పేజీ పేరు, వివరణ, రకం, అడ్మిన్ వివరాలు, ఏ కంపార్ట్‌మెంటులో పెట్టాలో అడుగుతుంది. రకాన్ని బట్టి పరిమితులు, ఖర్చు మారతాయి. పేజీ అడగకుండానే తేల్చేసేది ఇంకొకటి ఉంది. ఆ క్షణంలో మీరు ఏ రీజియన్‌లో (అంటే ఒరాకిల్ డేటా సెంటర్లున్న ప్రాంతంలో) ఉంటే అదే ఆ డొమైనుకు సొంత రీజియన్ అవుతుంది, తర్వాత మార్చడం కుదరదు. ఒరాకిల్‌కు 2020 నుంచి హైదరాబాద్‌లో రీజియన్ ఉంది. యూజర్ల వివరాలు మన దేశంలోనే ఉండాలనుకునే సంస్థ బటన్ నొక్కే ముందే ఇది చూసుకోవాలి.

కొత్తవాళ్లు ఎక్కువగా తికమకపడేది కంపార్ట్‌మెంటుకూ డొమైనుకూ మధ్య. కంపార్ట్‌మెంటులో ఉండేవి సర్వర్లు, స్టోరేజి, నెట్‌వర్కులు. డొమైన్‌లో ఉండేది మనుషులు. ఈ రెండింటినీ కలిపేది పాలసీ, అంటే ఫలానా గ్రూపు ఫలానా చోట ఫలానా పని చేయవచ్చని రాసే ఒక వాక్యం. డొమైన్లను ఎంత అందంగా విడదీసినా పాలసీ వాక్యం తప్పుగా రాస్తే అంతా కలిసిపోతుంది. ఆ వాక్యంలో గ్రూపు పేరుకు ముందు డొమైన్ పేరు రాసి, మధ్యలో ఒక ఏటవాలు గీత (/) పెట్టాలి. డొమైన్ పేరు రాయడం మరిచిపోతే వ్యవస్థ తప్పని ఆపదు. అది డిఫాల్ట్ డొమైన్‌లోని గ్రూపు అనుకుంటుంది. 'డెవలపర్లు' అనే గ్రూపు రెండు డొమైన్లలోనూ ఉందనుకోండి. కొత్త డొమైన్ వాళ్లకని రాసిన అధికారం నిశ్శబ్దంగా పాత డొమైన్ వాళ్ల చేతికి పోతుంది. కొత్తవాళ్లు పని కావడం లేదని మొరపెట్టుకుంటే ఇంకో పాలసీ రాస్తారు. మొదటిది ఎవరి కంటా పడకుండా అలాగే ఉండిపోతుంది.

ఇంతకంటే లోతైన చిక్కు గ్రూపుల్లోనే ఉంది. డొమైన్ అడ్మిన్‌కు తన డొమైన్‌లో ఏ గ్రూపులోకైనా ఎవరినైనా చేర్చే అధికారం ఉంటుంది, తనను తాను కూడా. ఆ డొమైన్‌లోని ఒక గ్రూపుకు మొత్తం టెనెన్సీ (అంటే సంస్థ క్లౌడ్ అకౌంటు) నెట్‌వర్క్‌ను నడిపే పాలసీ ఇచ్చారంటే, ఆ అధికారాన్ని డొమైన్ అడ్మిన్‌కు కూడా ఇచ్చినట్టే. కాగితం మీద అతను ఒక చిన్న డొమైనుకు అడ్మిన్. నిజానికి సంస్థ నెట్‌వర్కంతా అతని చేతిలో ఉంటుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ల క్లౌడ్ గుర్తింపు వ్యవస్థ ఎంట్రాలో ఈ చిక్కును గుర్తించి, అడ్మిన్ పాత్రలు ఇవ్వదగిన గ్రూపులను వేరే జాతిగా చేశారు. వాటిలో సభ్యులను మార్చడం మామూలు గ్రూపు అడ్మిన్ల వల్ల కాదు. గ్రూపును పుట్టించేటప్పుడే ఆ ముద్ర వేయాలి, తర్వాత వేయడానికీ తీయడానికీ వీల్లేదు. ఇంత పట్టుదల అక్కడ అవసరమే.

ఇక దొడ్డిదారులు. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ తన మీద జరిగిన దాడిని స్వయంగా బయటపెట్టింది. రష్యా ప్రభుత్వంతో సంబంధమున్న ముఠా 2023 నవంబరు చివర్లో ఒక పాత టెస్ట్ టెనెంట్‌లోకి (మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లో టెనెన్సీకి పేరు) చొరబడింది. కొన్ని తేలికపాటి పాస్‌వర్డులను వేర్వేరు అకౌంట్ల మీద ఒక్కొక్కటిగా ప్రయోగించి చూసే పద్ధతి వాళ్లది. చిక్కిన అకౌంటుకు రెండో అంచె ధ్రువీకరణ లేదు. అక్కడితో ఆగితే పోయేది ఏమీ లేదు, అది అసలు సంస్థకు దూరంగా ఉంచిన టెస్ట్ చోటు. కానీ ఆ టెనెంట్‌లో ఒక పాత అప్లికేషన్‌కు కంపెనీ అసలు వ్యవస్థలోకి పెద్ద అధికారంతో ప్రవేశం ఉంది. దాన్ని పట్టుకుని దాడిదారులు సీనియర్ అధికారుల ఈమెయిళ్ల దాకా వెళ్లారు. డొమైన్ వేరు, యూజర్లు వేరు, అడ్మిన్లు వేరు, అయినా ఎప్పుడో ఎవరో ఏదో అవసరానికి వేసిన ఒక్క వంతెన మిగిలిపోయింది. ఇలాంటి పని చేసే ప్రతివాళ్లూ ఈ ఉదంతాన్ని ఒకసారి ఆసాంతం చదవాలి. మనుషుల జాబితా సరిచూసుకునే సంస్థల్లోనూ అప్లికేషన్ల జాబితా తెరిచి చూసేవాళ్లు తక్కువ.

పైనుంచి వచ్చే చెయ్యి సంగతి దాపరికం లేకుండా చెప్పుకోవాలి. డిఫాల్ట్ డొమైన్‌లోని టెనెన్సీ అడ్మిన్లు మిగతా డొమైన్లన్నింటిలోకీ రాగలరు. కింది డొమైన్లు ఒకదానికొకటి కనబడకుండా ఉంటాయి గానీ, పైవాళ్లకు కనబడకుండా ఉండవు. పైవాళ్లు రావడం కూడా కుదరదంటే డొమైన్ చాలదు, వేరే టెనెన్సీయే తీసుకోవాలి. వేరే టెనెన్సీ అక్కర్లేని చోట పైన ఉండేవాళ్లను తగ్గించడమే మార్గం. ఎంట్రాలో గ్లోబల్ అడ్మిన్లు ఐదుగురి కంటే తక్కువ ఉండాలని, అత్యవసరానికి రెండు అకౌంట్లు విడిగా ఉంచుకోవాలని, అవి ఆఫీసు సర్వర్ల నుంచి వచ్చినవి కాకుండా క్లౌడ్‌లోనే పుట్టినవై ఉండాలని మైక్రోసాఫ్ట్ సలహా. ఆ చివరి మాట వెనుక గట్టి కారణం ఉంది. 2020లో బయటపడ్డ, సోలార్‌విండ్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ ద్వారా సాగిన దాడిలో ఆఫీసు సర్వర్లలో ఉన్న సంతకం తాళాన్ని దొంగిలించి, దానితో క్లౌడ్‌కు నకిలీ గుర్తింపు చీటీలు తయారుచేసుకున్నారు. కింది గది తాళం పోతే మేడ మీది గదీ పోయింది.

ఇంత శ్రమ ఎందుకని అడిగే మేనేజర్లు ఉంటారు. దాడులను ఆపడానికి అన్నది సగం జవాబే. రాత్రి రెండు గంటలకు నిద్రమత్తులో తప్పు గ్రూపును డిలీట్ చేసిన జూనియర్ అడ్మిన్‌ను తలచుకోండి. డొమైన్లు విడిగా ఉంటే ఆ తప్పు ఒక టెస్ట్ డొమైన్‌తో ఆగుతుంది, పొద్దున్న టీ తాగుతూ సరిదిద్దుకోవచ్చు. విడిగా లేకపోతే మర్నాడు ఉద్యోగులెవరూ లాగిన్ కాలేరు, ఆ అడ్మిన్ ఉద్యోగమే పోవచ్చు. ఏదైనా జరిగినప్పుడు నా చెయ్యి అక్కడికి అందదు సార్ అని లాగ్ చూపించి చెప్పగలగడం ఒక అడ్మిన్‌కు పెద్ద రక్ష. హద్దు పెట్టడమంటే అడ్మిన్‌ను అనుమానించడం అనుకునేవాళ్లు ఈ కోణం నుంచి చూడరు.

డొమైన్ కట్టడం పూర్తయ్యాక చేయవలసిన పరీక్ష ఒకటుంది. కొత్త డొమైన్ అడ్మిన్‌గా లాగిన్ అయి, చేయకూడని పనులన్నీ వరసగా చేసి చూడాలి. డిఫాల్ట్ డొమైన్ యూజర్ల జాబితా తెరవబోవాలి. పక్క డొమైన్‌లో ఒక పాస్‌వర్డ్ మార్చబోవాలి. తన డొమైన్‌లోని గ్రూపులన్నింటిలో తనను తాను చేర్చుకుని, పక్క కంపార్ట్‌మెంటులో సర్వరు ఒకటి ఆపడానికి ప్రయత్నించాలి. ప్రతిసారీ అనుమతి లేదన్న సమాధానమే రావాలి. ఎక్కడైనా పని జరిగిపోతే దాని వెనుక ఏ పాలసీ ఉందో, దాన్ని ఎవరు ఎప్పుడు రాశారో ఆడిట్ లాగ్‌లో వెతకాలి. ఒరాకిల్ ఆ లాగ్‌ను 365 రోజులు ఉంచుతుంది. కాబట్టి ఏడాది తిరగకముందే ఈ పరీక్ష మళ్లీ చేయాలి.