టీవీ పాఠం, మైనస్ ఎనిమిది: కాబోయే ఉపాధ్యాయురాలి వ్యాసంపై ఒక విమర్శ

విమర్శ అనగానే మనకు కవిత్వమో, నవలో గుర్తుకొస్తుంది. ఈ పాఠంలో మనం విమర్శకు తీసుకుంటున్నది మీలాంటి ఒక విద్యార్థిని రాసిన అసైన్‌మెంటును. ఆమెది రాజన్న సిరిసిల్ల జిల్లా ఎల్లారెడ్డిపేట. దూరవిద్యలో డిగ్రీ చదువుతూ, ఆ తర్వాత బి.ఎడ్. చేయాలనుకుంటున్న అమ్మాయి. 'నేను ఉపాధ్యాయురాలినైతే తరగతి గదిలో సాంకేతికతను ఎలా వాడతాను' అన్నది ఇచ్చిన అంశం. ఆమె అనుమతితోనే ఇక్కడ చర్చిస్తున్నాను, పేరుతో మనకు పని లేదు.

వ్యాసం నాలుగు పేజీలు. మొదటి రెండు పేజీలూ చివరి పేజీ ఒకరు రాసినట్టు, మూడో పేజీ ఇంకొకరు రాసినట్టు ఉంటాయి. చేతిరాత మాత్రం ఒక్కటే. ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం.

మొదటి రెండు పేజీల్లో ఏముందో చెప్పడం కష్టం కాదు, ఎందుకంటే మీరూ అలాంటివి రాసే ఉంటారు. నేటి యుగం సాంకేతిక యుగం, సాంకేతికత విద్యారంగంలో విప్లవాత్మకమైన మార్పులు తెచ్చింది, స్మార్ట్ బోర్డుల ద్వారా పాఠాలు ఆసక్తికరంగా బోధించబడతాయి, విద్యార్థులలో సృజనాత్మకత పెంపొందించబడుతుంది. ఇలా సాగుతుంది. ఈ వాక్యాల్లో అబద్ధం ఉందని నేను అనడం లేదు. ఒక్కసారి వ్యాకరణం వైపు నుంచి చూడండి. మొదటి వాక్యాల్లో కర్త 'యుగం', 'సాంకేతికత'. తర్వాతి వాక్యాల్లో క్రియకు 'బడు' చేరింది. పాఠాలు బోధించబడతాయి, సరే, బోధించేది ఎవరు? సృజనాత్మకత పెంపొందించబడుతుంది, పెంపొందించేది ఎవరు? 'అన్నం తినబడింది' అని మన ఇళ్లలో ఎవరూ అనరు. తెలుగు మాట్లాడేవాళ్లం పని చేసినవాడి పేరు చెప్పి పని చెబుతాం. కర్మణి ప్రయోగం తప్పేమీ కాదు, కానీ చేసినవాడిని దాచడానికి అది బాగా పనికొస్తుంది. రెండు పేజీల్లో ఉపాధ్యాయురాలు ఒక్క పని కూడా చేయలేదు. పిల్లలు చూశారు, అంతే. 'నేను ఎలా వాడతాను' అని అడిగితే, 'నేను' లేని జవాబు వచ్చింది.

ఇందులో ఆ అమ్మాయి తప్పు కొంతే. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఇలాంటి వ్యాసాలకు ఇరవైకి పదహారు, పదిహేడు మార్కులు వేసినవాణ్ని నేను. శీర్షికలున్నాయి, దస్తూరి బాగుంది, తప్పు మాట ఒక్కటీ లేదు, వేసేశాను. మేం మార్కులు వేసిన భాషనే మీరు నేర్చుకున్నారు.

ఇక మూడో పేజీ. కోవిడ్ వల్ల బడులు మూతపడ్డాక, తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి మూడో తరగతి మొదలు పదో తరగతి దాకా దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో పాఠాలు ప్రసారమయ్యాయి. అప్పుడు ఈ అమ్మాయి ఇంటర్‌లో ఉంది, తమ్ముడు ఏడో తరగతి. తండ్రి సిరిసిల్లలో సాంచెల మీద పని చేస్తాడు (మరమగ్గాలను ఆ ప్రాంతంలో సాంచెలంటారు). ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోనూ ఆయనతోనే పోతుంది. కాబట్టి టీవీయే దిక్కు. టీవీ ఉన్న గదిలోనే తల్లి ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు, తంబాకు ముందేసుకుని బీడీలు చేస్తుంటుంది. ఆ రోజు పాఠం పూర్ణసంఖ్యలు. టీవీలోని సారు బాగానే చెబుతున్నాడని, అక్షరాలు స్పష్టంగా ఉన్నాయని కూడా ఆమె రాసింది. ఈ న్యాయబుద్ధి నాకు నచ్చింది.

తమ్ముడు నోటుబుక్కులో (−5) − (−3) అని దించుకుని, జవాబు −8 అని వేశాడు. అప్పటికే తెర మీద తర్వాతి లెక్క వచ్చేసింది. వాడు అక్కతో అన్న మాట ఇది: "టీవీల సారు ఆగుతలేడు." అక్క 'తప్పు' అంది, ఎందుకు తప్పో చెప్పలేకపోయింది. అసలు ఈ మైనస్ అంటే ఏందని తల్లి అడిగింది. బాకీ అనుకో అమ్మా, అంది కూతురు. తల్లి చేతిలోని బీడీకి దారం చుడుతూనే, ఐదు వందల బాకీల మూడు వందల బాకీ కొట్టేస్తే ఎనిమిది వందల బాకీ ఎట్లయితదిరా అంది. తమ్ముడు −8 కొట్టేసి −2 రాశాడు.

ఇంతే. పేజీ అయిపోయింది. నాలుగో పేజీలో మళ్లీ యుగం వచ్చింది, విప్లవం వచ్చింది, సాంకేతికత ఒక సాధనం మాత్రమే అన్న ముగింపు వచ్చింది.

మూడో పేజీలో వాక్యాలు ఎలా మారాయో గమనించండి. ప్రతి వాక్యానికీ కర్త ఉన్నాడు. తమ్ముడు దించుకున్నాడు, సారు ఆగలేదు, అక్క చెప్పలేకపోయింది, అమ్మ అడిగింది. 'బడు' ఒక్కటీ లేదు. భాష బాగుపడిందని నేను దీన్ని మెచ్చుకోవడం లేదు. కర్తలు తిరిగి రాగానే, పాఠం ఎక్కడ తెగిందో, ఎవరు అతికించారో కనిపించింది. ఆ గదిలో −8ని చూసినవాళ్లు ఇద్దరున్నారు. టీవీ చూడలేదు. టీవీకి చూసే వీలు లేదు.

(బాకీ ఉపమానం గుణకారం దగ్గర తడబడుతుందని గణితం చెప్పేవాళ్లు నాకు గుర్తుచేస్తారు. మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకవుతుందో బాకీలతో చెప్పడం అంత తేలిక కాదు. నిజమే. కానీ ఆ రోజు ఆ పిల్లవాడికి కావలసింది తీసివేత.)

ఈ పేజీ చదివినప్పుడు నా అనుభవం ఒకటి గుర్తుకొచ్చింది. చాలా ఏళ్ల కిందట దూరవిద్య విద్యార్థుల కోసం ఒక వీడియో పాఠం చెప్పాను. తరగతిలో ఒక చోట నేనెప్పుడూ ఒక చిన్న హాస్యం చెబుతాను, పిల్లలు నవ్వుతారు, ఆ నవ్వు ఎంత ఆలస్యంగా వచ్చిందన్న దాన్ని బట్టి ముందు చెప్పింది ఎంత ఎక్కిందో నాకు తెలుస్తుంది. స్టూడియోలో అదే చెప్పాను. కెమెరా నవ్వలేదు. కంగారుపడి తర్వాతి అరగంట పాఠాన్ని ఇరవై నిమిషాల్లో ముగించాను. పాఠం బాగుందని అందరూ అన్నారు. ఎవరికి ఎక్కడ తెగిందో నాకు ఈ రోజుకీ తెలియదు.

ఇది కొత్త కథ కాదు. సినిమా వచ్చిన తొలినాళ్లలోనే, 1913లో, బడుల్లో పుస్తకాలకు త్వరలోనే కాలం చెల్లుతుందని థామస్ ఎడిసన్ చెప్పాడు. మన దగ్గర 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా సైట్ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం జరిగింది. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలు, వాటిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ గ్రామాలూ ఉన్నాయి. పొద్దున బడి పిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు. ఏడాది గడిచాక అమెరికా తన ఉపగ్రహాన్ని వెనక్కి తీసుకుంది. ఇంజనీరింగ్‌గా అది గొప్ప పని, మన అంతరిక్ష కార్యక్రమానికి పెద్ద పాఠం. కానీ ఊళ్లోకి మాట వచ్చింది, ఊరి నుంచి ప్రశ్న పోయే దారి లేదు. లారీ క్యూబన్ అనే అమెరికన్ విద్యా చరిత్రకారుడు 1986లో ప్రచురించిన పుస్తకంలో సినిమా, రేడియో, టీవీ ఒకదాని తర్వాత ఒకటి తరగతి గదికి ఎలా వచ్చాయో, ఉపాధ్యాయులు వాటిని ఎంత తక్కువగా వాడారో పరిశీలించాడు. బయటివాళ్లు దాన్ని ఉపాధ్యాయుల మొండితనం అనుకున్నారు. తరగతిలో నలభై మందిని సంభాళించే మనిషికి ఆ యంత్రం ఎంతవరకు పనికొస్తుందని ముందుగా అడగకపోవడం దానికి ఒక పెద్ద కారణం.

అయితే ఇక్కడే మన విద్యార్థిని వ్యాసంతో, ఆమెను మెచ్చుకుంటున్న నాతో కూడా, పేచీ పెట్టుకోవాలి. టీవీకి కళ్లు లేవు కనుక యంత్రాలన్నిటికీ కళ్లు లేవని తేల్చేయడం న్యాయం కాదు. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే కంప్యూటర్ కార్యక్రమంపై కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గానిమియన్ చేసిన అధ్యయనం 2019లో వెలువడింది. ఆరో తరగతి పిల్లలు గణితంలో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారని, తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఆ దూరం నాలుగున్నర తరగతులైందని వాళ్లు చూశారు. తొమ్మిదో తరగతి పుస్తకం తెరిచి చెబుతుంటే నాలుగో తరగతి దగ్గర ఆగిపోయిన పిల్లవాడు ఏం వింటాడు? మైండ్‌స్పార్క్ ప్రతి పిల్లవాడి తప్పునూ చూసి, వాడున్న చోటి నుంచే లెక్కలిచ్చింది. బడి తర్వాత కేంద్రాల్లో, పక్కన ఒక బోధకుడు చిన్న గుంపులకు సాయం చేస్తుండగా, నాలుగున్నర నెలల్లోనే గణితంలో, హిందీలో చెప్పుకోదగిన మెరుగు కనిపించింది. అంటే యంత్రం −8ని చూడగలదు. ఏ యంత్రం చూస్తుంది, చూసింది ఎవరికి చెబుతుంది అన్నది ప్రశ్న.

అందుకే నాలుగో పేజీలోని 'సాధనం మాత్రమే' అన్న మాటను నేను ఒప్పుకోను. వినడానికి వివేకంగా ఉంటుంది, ఆలోచనను మాత్రం అక్కడితో ఆపేస్తుంది. చాటా సాధనమే, సాంచా సాధనమే. రెండూ మనిషిని ఒకే తీరుగా కూర్చోబెట్టవు, ఒకే తీరుగా పని చేయించవు. సిరిసిల్ల దగ్గర పుట్టినవాళ్లకు నేను ఇది చెప్పాలా? ప్రతి సాధనం కొన్ని పనులను తేలిక చేస్తుంది, కొన్నింటిని కనిపించకుండా చేస్తుంది. టీవీ ఒకే మంచి పాఠాన్ని వేల ఇళ్లకు చేర్చింది, గణితం చెప్పేవాళ్లు లేని ఊరికి అది చిన్న మేలేమీ కాదు. అదే టీవీ −8ని కనిపించకుండా చేసింది.

ట్యాబుల సంగతీ ఇలాగే అడగాలి. 2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు, ఉపాధ్యాయులకు కలిపి అయిదు లక్షలకు పైగా ట్యాబులు ఇవ్వడం మొదలుపెట్టింది. వాటిలో బైజూస్ పాఠాలు ముందే నింపి ఇచ్చారు. 2024 జులైలో ఆ సంస్థపై దివాలా ప్రక్రియ మొదలైంది. ఒక సంస్థ పడిపోవడం వల్ల అది తయారుచేసిన పాఠం చెడ్డదైపోదు. కానీ పాఠాన్ని సరిదిద్దే చేయి ఎక్కడో దూరంగా, ఉపాధ్యాయురాలికి అందని చోట ఉంటే ఏమవుతుందో ఆలోచించండి. యునెస్కో 2023 నివేదిక శీర్షికలోనే ఈ ప్రశ్న ఉంది: ఈ సాధనం ఎవరి షరతుల మీద?

దూరవిద్యలో ఉన్న మీకు ఇది పరాయి విషయం కాదు. 1982లో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైనప్పటి నుంచి (అదే ఇప్పటి డా. బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం), అచ్చు పాఠం, రేడియో, టీవీ ఈ చదువులో భాగమే. వాటితో పాటు అధ్యయన కేంద్రాలు, కాంటాక్ట్ తరగతులు, అసైన్‌మెంట్లు ఎందుకు పెట్టారంటారు? మీ −8 ఎక్కడో ఒక చోట ఒక మనిషి కంట పడాలని. అసైన్‌మెంటును మరొకరి దగ్గర దించి పంపినప్పుడు ఆ ఒక్క కిటికీని మీ చేతులతోనే మూస్తున్నారు. మార్కులేసి పక్కన పడేసినప్పుడు మేమూ మూస్తున్నాం.

రేపు బి.ఎడ్.లో చేరితే మీకు ఐసీటీపై ఒక కోర్సు ఉంటుంది, 2014 నిబంధనలు దానికి పెట్టిన పేరులోనే 'విమర్శనాత్మక అవగాహన' అని ఉంది. అక్కడ కూడా ఇలాంటి వ్యాసం రాయమంటారు. అప్పుడు ముందుగా ఒక పాఠం, ఒక పిల్లవాడు, ఒక తప్పు మీ ముందు పెట్టుకోండి. యంత్రాన్ని ఆ తర్వాత తీసుకురండి.

ఆ అమ్మాయి వ్యాసం మొదటి పేజీ అంచున నేను 'ఎవరు?' అని ఏడు చోట్ల రాసి తిరిగి పంపాను. మూడో పేజీ పక్కన ఏమీ రాయలేదు. నెల తర్వాత కాంటాక్ట్ తరగతికి వచ్చి కొత్త ప్రతి ఇచ్చింది. మొదటి రెండు పేజీలు తీసేసింది. తమ్ముడి కథతో మొదలుపెట్టింది. చివరి పేజీలో యుగం పోయింది, దాని స్థానంలో ఒక లెక్క వచ్చింది: తరగతిలో నలభై మంది, పీరియడు నలభై అయిదు నిమిషాలు, తెర మీద పాఠం ఇరవై నిమిషాలు. మిగిలిన ఇరవై అయిదులో నలభై నోటుబుక్కులు చూడాలంటే ఒక్కొక్కదానికి అర నిమిషం పైచిలుకు.

"గంతల −8 కనబడ్తదా సార్?" అని అడిగింది. పాఠాన్ని పదేసి నిమిషాలకు ఆపి, బెంచీకి ఒక నోటుబుక్కు చూస్తే ఎలా ఉంటుందని అన్నాను. చూద్దాం సార్, ఇంటర్న్‌షిప్‌ల చేసి చెప్త అంది.