సొన వాసన

తెలుగులో ‘తాగుతాడు’ అనే మాటకు కర్మ అక్కర్లేదు. ‘ఆ పిల్లోడు తాగుతాడంట’ అన్నారంటే సంబంధం అక్కడికక్కడే తప్పిపోతుంది. ఏం తాగుతాడు, ఎంత తాగుతాడు, తాగినదాని రుచి తెలిసి తాగుతాడా అని ఆరా తీసిన ఆడపిల్ల తండ్రిని నేనింతవరకూ చూడలేదు. మజ్జిగ తాగొచ్చు, రాగిజావ తాగొచ్చు, కానీ పేరు చెప్పి తాగాలి. పేరు చెప్పలేదంటే అదే.

అందుకే పోయిన వారం హైదరాబాదులో నేను చేసిన పనికి ఏ క్రియ వాడాలో తోచడం లేదు. ఒకే ఒక్క చిన్న గ్లాసు ముందు గంటంబావు కూర్చున్నాను. దాన్ని వాసన చూశాను, వెలుతురుకు పట్టి చూశాను, జేబులో ఉన్న కాగితం మీద రెండు వైపులా రాసుకున్నాను. తాగాననాలా, రుచి చూశాననాలా?

కూర్చోబెట్టినవాడు మా అక్క కొడుకు. కెమికల్ ఇంజనీరింగ్ చదివి ఒక మైక్రోబ్రూవరీలో బీరు కాస్తున్నాడు. బంధువుల దగ్గర మా అక్క ‘ఫుడ్ ప్రాసెసింగ్’ అని చెబుతుంది, అబద్ధమని అనలేం. తెలంగాణ ప్రభుత్వం 2015లో నిబంధనలు తెచ్చాక హైదరాబాదులో ఇలాంటివి ఒకటొకటిగా మొదలయ్యాయి. సీసాల్లో నింపడం, లారీలకెక్కించడం ఉండవు. వెనక స్టీలు తొట్లలో కాచింది ముందున్న బల్లల దగ్గర చెల్లిపోతుంది. ఆ తొట్ల మధ్యకు తీసుకెళ్ళి, వాడు చల్లని పెట్టెలోంచి వెండిరంగు సంచి ఒకటి తీసి, కొన్ని గుళికలు నా అరచేతిలో పోశాడు. ఆకుపచ్చగా, అచ్చం కోళ్ళ దాణాలా ఉన్నాయి.

“నలుపు మామా. రెండు చేతుల మధ్య పెట్టి గట్టిగా నలిపి వాసన చూడు.”

నలిపాను. పొడిపొడిగా రాలి, చేతులకు జిగురు అంటుకుంది. ముక్కు దగ్గర పెట్టుకోగానే నాకు హైదరాబాదు పోయింది. వేసవి సెలవుల్లో బనగానపల్లె దగ్గర తోటలో పచ్చి మామిడికాయ తొడిమ విరిచినప్పుడు చివ్వున చిమ్మే సొన వాసన, అదే. చేతికి తగిలితే చర్మం పొక్కించేంత ఘాటు, అయినా మళ్ళీ మళ్ళీ ముక్కుకు దగ్గర పెట్టుకోవాలనిపించే ఘాటు.

ఆ మాట చెబితే వాడు ఎగిరి గంతేశాడు. నేను నలిపినవి హాప్స్ గుళికలు. హాప్స్ నూనెలో ఎక్కువ పాలు ఉండేది మిర్సీన్ అనే పదార్థమట. మామిడి సొనలోనూ అది ఉంటుంది. “ఈడికొచ్చినోళ్ళందరూ ప్యాషన్ ఫ్రూట్ అంటారు, లీచీ అంటారు మామా. సొన అన్నోనివి నువ్వొక్కనివే.” జన్మలో ప్యాషన్ ఫ్రూట్ తినని కర్నూలు జిల్లావాడు నోట్లో లేని పండు పేరు ఎందుకు అరువు తెచ్చుకోవాలి? కాగితం మీద మొదట రాసుకున్న మాట ‘సొన’.

హాప్స్ ఒక తీగ పూలు. ఆడమొక్కకు పూసే, పొలుసులు పొలుసులుగా ఉండే పూలు, లోపల పసుపుపచ్చని పుప్పొడిలాంటి జిగురు. వృక్షశాస్త్రం లెక్కన గంజాయికి దాయాది. (శివరాత్రికి శ్రీశైలం కొండెక్కే సాధువులకు ఈ సంగతి చెప్పాలని ఉంది.) వేసవిలో పొడవాటి పగళ్ళు, గట్టి చలికాలం ఉంటేగానీ సరిగ్గా పూయదు కాబట్టి రాయలసీమలో దానికి చోటు లేదు. నా చేతిలో నలిగినవి అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా లోయ నుంచి వచ్చాయి.

చేదు ఎట్లా దిగుతుందో వాడు చెప్పిన తీరు నాకు బాగా నచ్చింది. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీళ్ళలో నానబెట్టి తీసిన తియ్యటి రసాన్ని గంటసేపు మరిగిస్తారు. మొదట్లో వేసిన హాప్స్‌లోని ఆల్ఫా ఆమ్లాలు ఆ మరుగుకు రూపం మారి చేదిస్తాయి, వాసన మాత్రం ఆవిరితో లేచిపోతుంది. వాసన కావాలంటే దించేముందు వేయాలి, ఇంకా కావాలంటే పులిసిన తర్వాత చల్లటి తొట్లో మళ్ళీ వేయాలి. “చారుకు కరివేపాకు తాలింపులో ఏస్తాం, కొత్తిమీర దించేటప్పుడు ఏస్తాం గదా మామా, అంతే.” వంటింట్లో గరిటె పట్టనివాడనుకున్నాను వీణ్ణి.

ఇంతకీ నా ముందు పెట్టింది డబుల్ ఐపీఏ. ఐపీఏ అంటే ఇండియా పేల్ ఏల్. పేరులో ఇండియా ఉంది కదా అని మురిసిపోనక్కర్లేదు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో లండన్‌లోని హాడ్జ్‌సన్ కంపెనీ మద్రాసు, కలకత్తా, బొంబాయి దొరలకు ఓడల్లో పంపిన బీరు వారసత్వం అది. సముద్ర ప్రయాణం తట్టుకోవడానికి హాడ్జ్‌సనే దీన్ని కనిపెట్టాడన్న కథ ఎక్కడ చూసినా కనిపిస్తుంది. కానీ హాప్స్ దట్టించిన బీరు ఇంగ్లండులో అంతకుముందే ఉంది, నల్లటి పోర్టర్ బీరూ అదే దారిన ఓడలెక్కి వచ్చేది. 1820లలో బర్టన్ ఊరి కంపెనీలు పోటీకి దిగాయి. సల్ఫేట్లు ఎక్కువున్న అక్కడి నీళ్ళకు చేదు మరింత పదునుగా తేలింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1820లో, సి.పి. బ్రౌన్ దొర కడపలో ఉద్యోగంలో చేరి తెలుగు నేర్చుకుంటున్నాడు. దొరల బల్లమీది సీసా మన నేలకొచ్చింది గానీ మన నాలుక మీదికి రాలేదు. ఆ ‘డబుల్’ మాత్రం నిన్నమొన్నటిది. 1994లో కాలిఫోర్నియాలోని టెమెక్యులాలో విన్నీ సిలుర్జో అనే ఆయన హాప్స్ రెట్టింపు వేసి కాచిన బీరుతో మొదలైందని చెబుతారు.

ఇక గ్లాసు. అరలీటరు అడిగితే వాడు ఒప్పుకోలేదు. “ఇది 8 శాతం, చేదు 70 ఐబీయూలు. చిన్నదే తీసుకో.” చేదును కొలిచే ఆ లెక్కలో మన మామూలు సీసా బీర్లు 10, 15 దగ్గర ఉంటాయి. రంగు పుట్టతేనెది, కొంచెం మసక. నురగ గుమ్మపాల నురగలా దట్టంగా నిలిచింది. గుటక వేసినప్పుడల్లా గ్లాసు లోపలి గోడకు ఒక్కో వలయం అంటుకుని మిగిలిపోయింది. ఎండాకాలం శ్రీశైలం జలాశయం దిగుతుంటే కొండ అంచున ఒకదానికింద ఒకటి చారలు మిగులుతాయే, అట్లా. మా నాయన ప్రాజెక్టు ఉద్యోగి. ఇంటికి రాగానే చెప్పులు విప్పుతూ నీటిమట్టం అడుగుల్లో చెప్పేవాడు. నిండితే 885. ఆ అంకె వచ్చిన రోజు సుండిపెంటలో కాలనీ కాలనీ గేట్లు చూడ్డానికి కదిలేది.

మొదటి గుటక మంచులా చల్లగా ఉంది. చేదు తప్ప ఏమీ తెలియలేదు. మనకు బీరంటే చల్లదనమే కాబట్టి పంటికి జివ్వుమనేలా ఇస్తారు. వాడు గ్లాసును నా చేతి దగ్గరనుంచి జరిపి, పది నిమిషాలు ఆగమన్నాడు. ఆగాక మూతి దగ్గర పెడితే మొదట నారింజ తొక్క గిల్లినప్పటి జల్లు, వెనకాలే సొన, అడుగున ఎక్కడో వేయించిన బార్లీ కమ్మదనం. నోట్లో ముందు తీపి తగిలింది. చేదు మింగేదాకా రాలేదు. మింగాక, అయిపోయిందనుకున్నాక, నాలుక వెనకనుంచి లేచింది.

చేదుల్లో మనకు తేడాలు తెలుసు. కాకరకాయది బెల్లంపెడితే మాట వినే చేదు. మెంతిది నూనెలో రంగు మారితే తగ్గే చేదు. నేలవేముది పట్టుకుంటే సాయంత్రందాకా వదలని చేదు. ఈ గ్లాసులోది కాకరకూ నేలవేముకూ మధ్యన ఉంది, చివర్లో చిగుళ్ళను పట్టే వగరు. ఈ వగరు దగ్గర ఇంగ్లీషులో రుచి రాసేవాళ్ళు ఆస్ట్రింజెంట్ అని బరువుగా మందులషాపు మాట ఒకటి వాడాలి. మన పిల్లలకు పచ్చి జామకాయ కొరికిన రోజే ఆ మాట వచ్చేసి ఉంటుంది.

ఒక తప్పు చేశాను. సీమవాణ్ణి కదా, నంజుకోవడానికి మిరపకాయ బజ్జీలు చెప్పాను. ఆల్కహాలు కారాన్ని రాజేస్తుంది, కారం పక్కన చేదు ఇంకా మొండికేస్తుంది. రెండో బజ్జీకే కళ్ళల్లో నీళ్ళు. వాడు నవ్వుకుంటూ ఉప్పేసి ఉడకబెట్టిన వేరుశనగ బుడ్డలు తెప్పించాడు. ఉప్పు చేదును అణుస్తుంది. నాలుగు బుడ్డలు నమిలి గుటక వేస్తే చేదు తగ్గి మళ్ళీ సొన పైకి తేలింది.

నచ్చిందా అంటే, సగం గ్లాసుదాకా చాలా నచ్చింది. తర్వాత బీరు వెచ్చబడి గొంతులో సెగ మొదలైంది, తీపి కాస్త బరువెక్కింది. ఆ సగం చాలు. మన దుకాణాల్లో ‘స్ట్రాంగ్’ అని సీసామీద రాస్తే కిక్కు సంగతే, లోపల రుచి ఉందా లేదా అన్న పట్టింపు ఉండదు. గడగడా దించేయడానికే ఆ చల్లదనం, ఆ పల్చదనం. ఇది దించేయడానికి ఒప్పుకోదు. చేదు ప్రతి గుటక దగ్గరా ఆపి నిలబెడుతుంది.

అయినా వాడితో నేను ఒక మాట అనకుండా ఉండలేకపోయాను. మా కాలనీలో జీతాల రోజు సాయంత్రం ఎట్లుండేదో వాడికి తెలియదు. సారా ప్యాకెట్టు పంటితో కొరికి, ముక్కు మూసుకుని మింగేవాళ్ళు. ముక్కు మూసుకోవడం కళ్ళారా చూశాను. రుచి తెలియకూడదనే తాగేవాళ్ళు. పక్కింటి పెద్దమ్మ ఆ రాత్రుళ్ళు మా వరండాలో పడుకునేది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారని పేపర్లో వస్తే, మా అమ్మ ఆ పెద్దమ్మకు బిగ్గరగా చదివి వినిపించింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ పూర్తి మద్యనిషేధం పెట్టారు, 1997లో ఎత్తేశారు. ఆ రెండేళ్ళూ వరండా ఖాళీగా ఉందని మా అమ్మ ఇప్పటికీ లెక్క చెబుతుంది. రుచి చూడటానికి ఒక గ్లాసు, దానికో కాగితం అంటే ఆమెకు వివరించే ధైర్యం నాకు లేదు. వాడు కాసేపు ఊరుకుని, “ముక్కు తెరిసి తాగమనే గదా మామా నేను చెప్తాండేది” అన్నాడు.

మర్నాడు ఆర్టీసీ బస్సులో శ్రీశైలం. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరుదాకా పులుల అడవిలో దారి మూసేస్తారు కాబట్టి తెల్లారి బయల్దేరాను. మన్ననూరు దాటాక కిటికీలోంచి ఎండుటాకుల వాసనలో కలిసి ఇప్పపూల మగ్గిన వాసన. నాగలూటి, పెచ్చెరువు మీదుగా అడవిలో నడిచొచ్చిన కన్నడ భక్తులు అప్పటికే కొండంతా నిండి ఉన్నారు. ఉగాది వాళ్ళ పండగే ఇక్కడ. కొండమీద మద్యం, మాంసం నిషిద్ధం. నా జేబులో రెండు వైపులా రాసిన కాగితం ఉంది.

పండగ పొద్దున సుండిపెంట ఇంట్లో అమ్మ మామిడికాయ తొడిమ విరిచి, సొన కారిపోయేలా బోర్లించి పెట్టింది. వంటిల్లంతా హైదరాబాదు బ్రూవరీ వాసన. నేను పళ్ళెంలోంచి వేపపూత పిడికెడు తీసుకుని అరచేతుల మధ్య నలిపాను. ఇన్నేళ్ళుగా నోట్లో వేసుకున్నదాన్ని ముక్కు దగ్గర పెట్టుకోవడం ఇదే మొదలు. తేనెవాసన. మల్లెకు దగ్గరగా, పల్చగా. ఇంత తియ్యటి వాసనలో అంత చేదు ఎట్లా దాక్కుందో.

పచ్చడి గిన్నె చేతికి వచ్చాక కూడా ముందు వాసనే చూశాను. అమ్మకు కోపమొచ్చింది.

“ఏందిరా అట్ల వాసన చూస్తాండావు? పొద్దున్నేగా కలిపినా.”

“బాగుందమ్మా.”

“నోట్లో ఏసుకోకుండానే?”

వేసుకున్నాను. ఉప్పు కొంచెం తక్కువైంది. చెబితే, కాస్త వేసి కలిపి, ఆమె కూడా చెంచాతో తీసుకుని ఆగి ఆగి నమిలింది. “ఈసారి పూత ముదిరింది” అంది.