కొండదారి ఖనిజరైలు: సిమ్యులేటర్ కథనం - కోనసీమ దృష్టి

కీలకపదాలు: రైలు సిమ్యులేటర్, కొత్తవలస - కిరండూల్ మార్గం, ఖనిజరవాణా, దృష్టికోణం, కోనసీమ.

1. ఉపోద్ఘాతం:

రైలు సిమ్యులేటర్‌ను చదవదగిన పాఠ్యంగా స్వీకరిస్తే, అది ఎవరి చూపుతో కథ చెబుతుందనేది మొదటి ప్రశ్న. 2001లో వెలువడిన మైక్రోసాఫ్ట్ ట్రైన్ సిమ్యులేటర్, దాని బాటలో వచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఓపెన్ రైల్స్ కొత్త మార్గాలను అభిమానులే నిర్మించుకొనే వీలు కల్పించాయి. భారతీయ మార్గాలు, ఇంజన్లు కూడా ఈ విధంగానే తెరకెక్కాయి. ఈ ప్రక్రియ బలాబలాలను పరీక్షించడానికి తెలుగునేలపై తగిన ఉదాహరణ కొత్తవలస - కిరండూల్ మార్గం. దానిని కొండలు లేని కోనసీమ వైపు నుండి పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

2. ప్రయాణికుని కొండ - లోకో పైలట్ కొండ:

బైలదిల్లా ఇనుపఖనిజాన్ని విశాఖపట్టణం ఓడరేవు ద్వారా జపానుకు చేర్చడానికి 1960వ దశకంలో ఈ మార్గం వేశారు. ఇందులో యాభైకి పైగా సొరంగాలున్నాయి. శిమిలిగుడ స్టేషన్ సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. అద్దాల పెట్టెలో అరకు వెళ్లే ప్రయాణికునికి కొండ దృశ్యంగా కనిపిస్తుంది. ఖనిజరైలు నడిపేవారికి బరువుగా తెలుస్తుంది. నిండు రైలు శిమిలిగుడ దాటి పల్లానికి దిగేటప్పుడు ఇంజన్ ప్రధాన కర్తవ్యం లాగడం నుండి నిలువరించడానికి మారుతుంది. ట్రాక్షన్ మోటార్లను జనరేటర్లుగా పనిచేయించే డైనమిక్ బ్రేకు అక్కడ ఆధారం. ఎయిర్ బ్రేకును మాటిమాటికీ వేసి వదిలితే రిజర్వాయర్లలో గాలి తిరిగి నిండే వ్యవధి చాలదు. అవసరమైనప్పుడు బ్రేకు పట్టు తగ్గుతుంది. మంచి సిమ్యులేటర్ ఈ సంగతిని ఆటగాని చేతికి తెలియజేస్తుంది. లోయ అందం చూస్తూ ఒకసారి వేగం మించనిచ్చినవాని చూపు, మరుసటిసారి ఒత్తిడిని చూపే ముల్లు మీద నిలుస్తుంది. యాత్రావర్ణన సులభంగా అందించలేని శ్రమజ్ఞానం ఇది.

3. తెర చూపనిది:

అయితే ఈ జ్ఞానం పట్టాల అంచున ఆగిపోతుంది. పెట్టెలు నిండేవరకు జరిగిన తవ్వకం, గని కార్మికుడు, ఆ కొండల ఆదివాసీ సమాజం ఈ తరహా కథనంలో పాత్రలు కారు. ఖనిజం టన్నుల లెక్కగా మిగులుతుంది. దీనిని సాంకేతిక పరిమితిగా మాత్రమే సమర్థించలేము. సొరంగద్వారాన్ని ఓపికగా మలచినచోట గనిని లోడింగ్ స్థానంగా కుదించడం నిర్మాత ఎంపిక.

4. కోనసీమ నుండి చూస్తే:

కాకినాడ - కోటిపల్లి పట్టాలను రెండవ ప్రపంచయుద్ధ కాలంలో తొలగించారు. 2004లో ఆ దారిన మళ్లీ రైలు నడిచింది. కోటిపల్లి నుండి అమలాపురం, రాజోలు మీదుగా నరసాపురం చేరవలసిన మార్గం 2000-01లో మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలపై వంతెనల నిర్మాణంతోనే ఏళ్లు గడిచాయి. ఎగుమతి ఖనిజానికి ఒక దశాబ్దంలో దారి పడింది. ఈ వ్యత్యాసం తెలిసిన అమలాపురం, కొత్తపేట విద్యార్థి తెరపై ఖనిజరైలు నడిపితే, ఏ రైలు ఎవరి కోసం వేస్తారనే ప్రశ్న ఆటలోకి ప్రవేశిస్తుంది.

5. ముగింపు:

సిమ్యులేటర్ బరువును నేర్పడంలో సఫలమైంది, ఆ బరువు ఎక్కడిదో చెప్పడంలో విఫలమైంది. దృశ్యసౌందర్యంతో తృప్తిపడక ఈ రెండింటినీ కలిపి చదవడం డిజిటల్ పాఠ్యవిమర్శ చేయవలసిన పని.